ఆదివారం ఉత్తరాలకి ఎన్ని రోజులు

హోల్బెక్, నవంబరు

ఓడ మీదున్న యెప్పెకి, ఒడ్డునున్న సిగ్నే రాస్తున్నది.

ప్రతి ఆదివారం ఉత్తరం రాస్తానని రేవులో ఒట్టేసి వెళ్లావు. మొదట్లో ఏడు రోజులకొకటి వచ్చేది. తర్వాత తొమ్మిది. ఇప్పుడు పన్నెండు. నక్షత్రాల్ని గమనించే వేధశాలలో లెక్కలు చూసేదాన్ని, నా దగ్గరా ఈ ఆటలు? మనసు చల్లబడితే చెప్పెయ్. మార్చిలో నాకు ఇరవై అయిదు నిండుతాయి. పెళ్లి కాకుండా నిండితే మన ఊళ్లో ఆనవాయితీగా ఏం చేస్తారో తెలుసుగా? స్తంభానికి కట్టేసి నెత్తిన దాల్చినచెక్క పొడి పోస్తారు.

ఇంకా నీదాన్నే అనుకుంటున్న,
సిగ్నే

తా.క. ఆ పొడి నా మీద జల్లడానికి మా అన్న అప్పుడే జల్లెడ కొన్నాడు.

*

కొలంబో, డిసెంబరు

సిగ్నేకి, బడి మానేసినోడి దణ్ణాలు.

ఒక్క ఆదివారం తప్పలేదు, సముద్రం మీద ఒట్టు. ఒకటి రాసి ఇంకోటి రాసేలోపు ఓడ ఇంకా దూరం పోతోంది. రెండోదానికి దారెక్కువ. నేను నెమ్మదించలా, నీకలా కనబడతన్నా.

నీ యెప్పె

తా.క. మీ ఆఫీసులో మాగ్నుస్ అని ఒకడున్నాడుగా. నీ చెవిలో ఏమన్నా ఊదాడా?

*

హోల్బెక్, జనవరి

యెప్పెకి, సిగ్గుపడుతూ సిగ్నే.

నువ్వే కరెక్టు. ఎక్కడో దూరాన నక్షత్రం పేలితే, అక్కడ ఇరవై రోజుల్లో ఆరిపోయేది మాకు ముప్పై రోజులు ఆరుతూ కనిపిస్తుంది. ఒక వెలుగు బయల్దేరాక ఇంకోటి బయల్దేరేలోపే మధ్యలో చోటు సాగిపోతుంది. అక్కడ ఎవరూ నెమ్మదించలేదు. రోజూ కొలుస్తూ కూడా నీ దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను. ఒక్కటే తేడా. నువ్వు ఓడెక్కి పోయావు. అవి ఎక్కడికీ పోలేదు, మధ్యలో చోటే సాగుతోంది.

సిగ్నే

తా.క. మరీ దూరపువి వెలుగుకన్నా వేగంగా దూరమైపోతున్నాయి. అవింక తిరిగి రావు.

*

సూయెజ్, ఫిబ్రవరి

సిగ్నేకి.

ఎవరూ కదలకుండా మధ్యలో చోటు దానంతటదే సాగుద్దా? ఎవడు సాగదీస్తన్నాడో పేరు చెప్పు.

యెప్పె

తా.క. మాగ్నుసేనా?

*

హోల్బెక్, మార్చి

యెప్పె అనే మొద్దుకి.

మాగ్నుస్‌కి అరవై ఎనిమిదేళ్లు. పళ్లు కట్టించుకున్నాడు. సరే, నీ సంగతి చెప్పు. పన్నెండు రోజులకొకటి వచ్చే ఉత్తరాలు ఇప్పుడు నాలుగు రోజులకొకటి వస్తున్నాయి. ఏ రేవులో ఏం తప్పు చేశావని ఇంత ప్రేమ పొంగుకొస్తోంది? పుట్టినరోజు వచ్చే శుక్రవారం. ఇంక నీకు రాయను.

సిగ్నే

తా.క. రాయనన్నానంటే రాయను.

*

శుక్రవారం, పొద్దున

సిగ్నేకి.

నీ ఉత్తరం దారిలో ఆఖరి రేవులో అందింది. ఎప్పట్లాగే ఆదివారానికొకటే రాశా. ప్రేమేం పెరగలా. ఓడ వెనక్కి తిరిగింది, అంతే. దారి తరిగేకొద్దీ ఉత్తరాలు ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. కావాలనే చెప్పలా. నీ నక్షత్రాలకి వెనక్కి తిరగడం చేతకాదు. నాకొచ్చు. నేర్చుకున్నది అదొక్కటే.

ఈ ఉత్తరం టపాలో వెయ్యలేదు. మీ తలుపు కింద నుంచి తోస్తన్నా. తలుపు తియ్.

యెప్పె

తా.క. పెళ్లికి టైం మించిపోయింది, నన్ను తిట్టు. కొలంబోలో రెండు కిలోల దాల్చినచెక్క కొన్నా. సగం నా నెత్తిన పొయ్యి. నాకూ పోయిన నెల్లోనే ఇరవై అయిదు నిండాయి.