ఎందుకూ కొరగాని పలక

తాజిమి, జూలై

మినగావా చిసే గారికి,
పదార్థ పరిశోధన అనుసంధాన కేంద్రం, నగోయా.

కీచురాళ్ళు చెవులకు తూట్లు పొడుస్తున్న ఈ ఎండల్లో మీరు కులాసా అని తలుస్తాను. మేం బట్టీ పక్కన బతికేవాళ్ళం, మాకు ఎండ ఒక లెక్కా.

విశ్వవిద్యాలయానికి సెలవులన్నారు కాబట్టి, మీరిచ్చిన అడ్రసుకే, ఓతగురో ప్రొఫెసరు గారింటికి మా కొత్త పింగాణీ పలక పంపాను. మర్యాదగా ఒక ఉత్తరమూ పెట్టాను. ఉప్పూ ఆమ్లమూ ఈ పలకను తినవని ఆయన రాసిస్తే, ఆమ్లాల కంపెనీ వాళ్ళు తమ తొట్లలో పరచడానికి కొంటారు. ఏడాది చివరికి ఆ కాగితం రాకపోతే బట్టీ ఆర్పేస్తాను. నేనూ మా ఇంటావిడ ఫుసాయే కలిసి కట్టుకున్న బట్టీ. ఆవిడ ఎలాగూ పోయింది, ఇదీ పోతే ఇక పొద్దున్నే లేవడం దేనికో నాకు తెలీదు.

భవదీయుడు
కుజే గెన్‌పచి

తా.క. పెద్దవాళ్ళింటికి వట్టి అట్టపెట్టె పంపితే ఏం బాగుంటుంది? ఫుసాయే దాచుకున్న బహుమతి కాగితాల్లో ఒకటి తీసి చుట్టాను. కొంగల బొమ్మలది.

---

నగోయా, ఆగస్టు

గౌరవనీయులు కుజే గారికి,

ఎండలు తగ్గుతాయంటున్నారు, నేను నమ్మడం మానేశాను. మీరు జాగ్రత్త.

ప్రొఫెసరు గారి చెవిన సెలవులకు ముందే ఒక మాట వేశాను. "పలక రానివ్వండి, చూద్దాం" అన్నారు. ఆ నోట అంత మాట రావడమే గొప్ప. ఇక మీరు నిశ్చింతగా ఉండండి.

విధేయురాలు
మినగావా చిసే

తా.క. ఫ్యాక్టరీలకూ పరిశోధకులకూ సంబంధాలు కుదర్చడం నా ఉద్యోగం. నిరుడు ఒక్కటీ కుదరలేదు. మా డైరెక్టరు నా కుర్చీ వంక చూసే చూపేమీ బాగాలేదు.

---

తాజిమి, సెప్టెంబరు

మినగావా గారూ,

గాలివానకి కప్పు రేకులు ఎగిరిపోయాయి. కుశల ప్రశ్నలు ఇంతటితో సరి.

ప్రొఫెసరు గారింటి నుంచి సేమ్యా కట్టలు వచ్చాయి, మంచి రకం. పలక అందిన వెంటనే పంపేసినట్టున్నారు. నాకు అర్థమైందిలెండి. మనతో పొత్తు వద్దనుకున్నవాళ్ళే బాకీ ఉండకుండా ఇంత తొందరగా బదులిస్తారు. చాలా బాధపడ్డాను. అయినా ఒకరి సేమ్యా తిని ఊరుకునే రకం కాదు నేను. ఇంకో పలక, దానికన్నా పెద్దది, పంపాను.

కుజే

తా.క. ఈసారి చామంతుల కాగితం. సేమ్యా బాగుంది, అదే ఇంకా బాధగా ఉంది.

---

నగోయా, అక్టోబరు

కుజే గారూ,

ఆకులు ఎర్రబడుతున్నాయి, మీ బెంగ మాత్రం తగ్గినట్టు లేదు. వద్దనుకున్నవాళ్ళు మంచి రకం సేమ్యా పంపుతారా, మీరే చెప్పండి? అది శుభసూచకం.

నేను స్వయంగా వెళ్ళి ప్రొఫెసరు గారిని కలిశాను. పలక సంగతి ఎత్తితే ఒత్తిడి పెట్టినట్టుంటుందని నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. అంత మౌనంగా ఉన్నారంటే పరీక్ష లోతుగా సాగుతోందన్నమాట.

మీ
చిసే

తా.క. టీ చల్లారిపోయింది. అదీ ఎవరమూ ఎత్తలేదు.

---

తాజిమి, నవంబరు

అమ్మా చిసే,

చలి మొదలైంది. నీ మాట నమ్మాను. కానీ ఈసారి ఎండు పండ్ల పెట్టె వచ్చింది, ఫలితం రాలేదు. మూడో పలక పంపాను. ఇక నా వల్ల కాదు.

నాతో పాతికేళ్ళు పనిచేసిన త్సుబొయి మొన్న చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, నేను పోతున్నా" అన్నాడు. నేను పోవద్దనలేదు. బట్టీ కొనేవాడొకడు వచ్చి చూసి వెళ్ళాడు, ఇటుకల కోసమట.

గెన్‌పచి

తా.క. అలల బొమ్మల కాగితం కూడా అయిపోయింది. ఫుసాయే దాచినవి ఆ మూడే.

---

నగోయా, డిసెంబరు

కుజే గారూ, బట్టీ అమ్మకండి.

కుశలం తర్వాత అడుగుతాను. సంవత్సరాంతం మర్యాదకి ఉప్పు చేప పట్టుకుని ప్రొఫెసరు గారింటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారు పుల్ల రేగుపళ్ళ ఊరగాయ పెడతానని జాడీ మూత తీశారు. కాయలు ఉప్పు ఊటలో మునిగి ఉండేలా వాటి మీద బరువుగా మీ మూడు పలకలూ ఉన్నాయి!

"తాజిమిలో ఎవరో పెద్దమనిషి పంపుతున్నాడమ్మా, ఇంత మంచి ఊరగాయ బరువు నా జన్మలో చూడలేదు" అన్నారావిడ.

మీ ఉత్తరం చూపించారు. ఎండల గురించి ఉంది, ఆరోగ్యం గురించి ఉంది, "ఎందుకూ కొరగాని వస్తువు, మన్నించి స్వీకరించండి" అని ఉంది. పరీక్ష అన్న ముక్క లేదు. ఇంటికొచ్చే బహుమతులు ప్రొఫెసరు గారు విప్పరు, అమ్మగారే విప్పి బదులు పంపుతారు. ఆయనేమో పలక ప్రయోగశాలకి వస్తుందని చూసి చూసి, మీరు మనసు మార్చుకున్నారనుకుని, అడిగితే బాగుండదని ఊరుకున్నారట.

వేసవి నుంచి అంత ఉప్పులో, అంత పులుపులో నానినా మొదటి పలకకి మచ్చ పడలేదు. ప్రొఫెసరు గారు దాన్ని ప్రయోగశాలకి పట్టుకెళ్ళి పరీక్షించి సంతకం పెట్టారు. కాగితం జతచేశాను.

మీ చిసే

తా.క. మిగతా రెండూ అమ్మగారు ఇవ్వనన్నారు, ఊరగాయ చెడిపోతుందట.

---

తాజిమి, జనవరి

అమ్మా చిసే,

కొత్త సంవత్సరం. శుభాకాంక్షలు రాయబుద్ధి కావడం లేదు, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం వచ్చేసరికి బట్టీ ఇటుకలు లారీ ఎక్కుతున్నాయి. ఆ కాగితం చదువుకుని లారీ వంక చూస్తూ నిలబడ్డాను. ఆపండని అనొచ్చేమో. డబ్బు పుచ్చుకున్నాక ఏ ముఖం పెట్టుకుని అంటాను?

ఆ మొదటి పలకని పాత పేపరులో చుట్టి పంపి ఉంటే నా బట్టీ ఈరోజు మండుతూ ఉండేది. కానీ ప్రొఫెసరు గారింటికి పేపరు చుట్టి పంపితే ఫుసాయే నన్ను బతకనిచ్చేదా? మొదటి ఉత్తరంలోనే పని చెప్పడమేమిటని తిట్టి ఉండేది కూడా.

ఆ పలకకి మట్టి కలిపే పాళ్ళు రాసి పంపుతున్నాను. బట్టీ ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వు. ఒక సంబంధం కుదిరిందని మీ డైరెక్టరుకి చెప్పు. నీ కుర్చీ అయినా నిలబడాలి.

గెన్‌పచి

తా.క. ప్రొఫెసరు గారి అమ్మగారు పార్సెలు పంపారు. నా మూడు కాగితాలూ ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉన్నాయి. ఇంత చక్కటివి పారేయడానికి ఆవిడకి మనసొప్పలేదట. కొంగలది కూడా ఉంది. బదులు ఏం పంపాలో తోచడం లేదమ్మా, పలకలు లేవు.