నాన్న విసిరిన పానా
బుధవారం, నరసరావుపేట

నాన్న పెద్దకర్మకి ఆయన గ్యారేజీలో పని నేర్చుకున్న మెకానిక్కులంతా వచ్చారు. భోజనాలయ్యాక వసారాలో కూర్చుని మచ్చలు చూపించుకున్నారు. పనిలో తప్పు దొర్లితే నాన్న చేతిలో ఉన్న పానా విసిరేవాడు.

"ఇదిగో అక్కా, గేర్‌బాక్సు తప్పు బిగించినందుకు," అంటూ మస్తాన్ బట్టతల వంచాడు. "మాచర్లలో ఈ మచ్చ జూసే పనిచ్చారు. ఇంకేం అడగలా."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తమ్ముడు ఆ పానాకి కుంకుమ పెట్టి నాన్న ఫోటో కింద మేకుకి తగిలించాడు. రేపటి నుంచి గ్యారేజీ వాడిదే, అమ్మా వాడి దగ్గరే.

"అమ్మా, మీ మీదెప్పుడూ ఇసర్లేదుగా? మీరంటే ఆయనకి చానా భయం!" మస్తాన్ వేళాకోళమాడాడు.

అమ్మ టీ గ్లాసులు తీస్తూనే అంది. "లేదురా. నన్ను నోటితోనే కొట్టాడు. చూపియ్యటానికి మచ్చ గూడా లేదు."

మస్తాన్ తువ్వాలు తీసి తలకి చుట్టుకున్నాడు.

"చాల్లే, లోపలికి పో," అన్నాడు తమ్ముడు. గొంతు అచ్చం నాన్నదే.

అమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎల్లుండి నా ప్రయాణం. నాతో రమ్మంటే వస్తుందేమో. అసలు నేను రమ్మంటానా…