పులి కోసం తెచ్చిన లెన్సు

శనివారం

రేపు పొద్దున్నే నల్లమలలో సఫారీ. పులిని ఫొటో తియ్యాలని రెండు లెన్సులు అద్దెకు తెచ్చినా. చిన్నది చేతిలో ఇముడుతాది గానీ దూరం లాగదు. పెద్దది సొరకాయంత ఉంది, ఎత్తితే భుజం పీకుతాది. ఏది తీసుకపోవాల్నో తేలక, రెండూ పట్టుకొని సాయంత్రం పెద్దారవీడులో మామ గొర్రెల దగ్గరికి పోయినా.

పెద్దది కెమెరాకు బిగించి, ఎదురు గుట్ట మీద మేస్తాండే మందకు పెట్టినా. అది మామ తమ్ముడి మంద.

"చూడు మామా, ఇంత దూరం నుంచి గొర్రె చెవులు కూడా కనపడతాండాయి."

మామ కన్ను పెట్టినాడు. ఎంతసేపటికీ తియ్యడు. లెన్సు నచ్చిందనుకొని నేను దాని గొప్పలు చెప్పుకుంటా కూర్చున్నా.

"కుడి చెవికి రెండు గాట్లు," అన్నాడు చివరికి. "అవి మన మంద గుర్తుకు నేను పెట్టినవే. పోయిన నెల తప్పిపోయిన గొర్రె అదే."

నాతోనే ఫొటో తీయించి, కెమెరా సంకన పెట్టుకొని ఇంటికి పోయినాడు. ఇందాక ఫోన్ చేసి అడిగినా. రేపు పంచాయితీలో పెద్దమనుషులకు చూపియ్యాలంట.

"మరి నా పులి, మామా?"

"పులి యాడికి పోతాది అల్లుడా? దాని చారలు ఎవరూ మార్చలేరు. గొర్రె చెవికి ఇంకో గాటు పెడితే అది వాళ్లదయిపోతాది."

పెండ్లిళ్లకు వాడే పాత కెమెరాకు చిన్న లెన్సు తగిలించి సంచిలో పెట్టినా. పులి కొంచెం దగ్గరికొస్తే చాలు. మరీ దగ్గరికి అక్కర్లేదు.