మొదటిసారి తెరిచినప్పుడు

రియాక్టర్ భద్రతా విభాగాధికారి గారికి,

నా భార్య గేర్త్యేకు మీరు రాసిన ఉత్తరం అందింది. నెల రోజులైనా ఆమె జవాబివ్వనందున, ఆమె తెలిపిన లోపం సరైపోయినట్టు భావించి ఫైలు మూసేశామన్నారు. ఆమె మార్చి తొమ్మిదిన గుండెపోటుతో మరణించింది.

లోపం అలాగే ఉంది. ప్రయోగాల గది తలుపు తెరవగానే రియాక్టర్ దానంతటదే ఆగాలి. లేకపోతే లోపలికి వెళ్ళిన మనిషి మీద రేడియేషన్ పడుతుంది. పొద్దున మొదటిసారి తెరిస్తే అది ఆగడం లేదు. రెండోసారికి ఆగుతుంది. తనిఖీకి వచ్చిన మీ మనిషి ముందు తలుపు తీసి, తొంగిచూసి, మూసి, ఆ తర్వాత పరీక్షించాడు.

"ఆ తలుపుకి నీ మీదే అలక గేర్త్యే, మా దగ్గర బుద్ధిగా ఉంటుంది" అని రియాక్టర్ దగ్గర ఆమెతో పనిచేసే యూస్ట్ నవ్వాడట.

మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. "ఫిర్యాదు మేడంగారి పేరు మీదుందండీ, ఆవిడే మాట్లాడాలి" అన్నారు. చనిపోయిందన్నాను. "అయ్యో పాపం! పోనీ, ఆవిడ సంతకమున్న కాగితం పంపండి. నకలు చెల్లదు" అన్నారు.

సోమవారం రియాక్టర్ మళ్ళీ మొదలవుతుంది. మర్నాడు పొద్దున ఆ తలుపు తెరిచేది యూస్టే. నిన్న అతనికి చెప్పి చూశాను. "ఇక మీరూ మొదలెట్టారా సార్" అన్నాడు, మెత్తగానే.

నేను బడిలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఇంతకన్నా ఏం చేయాలో తెలియదు. ఆ తలుపు గురించి ఆమె డైరీలో రాసుకున్న పేజీని చింపి జతచేశాను. అడుగున ఆమె సంతకం ఉంది. అవతలి వైపున్నది నాకు రాసిన చీటీ, అది చదవనక్కర్లేదు.

పనయ్యాక తిరిగి పంపండి.