గుట్ట మీద వదిలేసిన పైపు

అబిదాకు,

అస్సలాము అలైకుం. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అలవాటుకొద్దీ అలా రాసేశాను గానీ, ఐదు రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

నీ ఉత్తరం నిన్న అందింది. మేక ఈనిందా అని అడిగావు. ఈనింది, రెండూ పోతులే. క్రోసూరులో మీవాళ్లు ఎవరి ఫోనొచ్చినా స్పీకర్ పెడతారు, ఇల్లంతా వింటుంది, అందుకే ఫోన్ చేయకుండా రాస్తున్నాను. ఇది మాత్రం నువ్వొక్కదానివే కూర్చుని చదువు. కానుపు దగ్గరికొచ్చినదానివి, కాస్త నీళ్లు తాగి చదువు.

జమీర్ గురించి అడిగావు. నరసరావుపేట ఆసుపత్రిలో నీ తమ్ముడు బాగానే మాట్లాడుతున్నాడు. కాలు తీసేసిన చోట నొప్పి తగ్గిందంటున్నాడు. నేను గోళ్లు ఊడేలా మట్టి తవ్వి వాణ్ణి బయటికి లాగానని అందరూ చెప్పుకుంటున్నారు. "నువ్వు లేకుంటే నా తమ్ముడు దక్కేవాడు కాదు" అని నువ్వూ రాశావు. ఆ మాట చదివి అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మా నాపరాయి క్వారీలో రాయి మీది మట్టిని ప్రొక్లెయిన్‌తో తీసి గుంత అంచునే నిటారుగా గుట్ట పోస్తారు. ఎండితే అది కింద పనిచేసేవాళ్ల మీద జలజల రాలుతుంది. "బావా, కళ్లల్లో మన్ను పడతా ఉంది, కాస్త తడపరాదా" అన్నాడు జమీర్. పంపు చూసేది నేనే కదా. పైపు ఎత్తి ఒక్క గంట చిమ్మాను. ఎంత ముచ్చటగా బిగిసిందనుకున్నావు! చిటికెడు మన్ను రాలలేదు.

కొంచెం నీళ్లకే ఇంత గట్టిపడితే, ఎక్కువ పెడితే ఇంకెంత గట్టిపడుతుందో అనుకున్నాను. పైగా గుంతలో ఊరే నీళ్లు వాగులోకి వదలాలంటే రోజూ అంత దూరం పైపు మోయాలి. బద్ధకించి నీళ్లు పారుతున్న ఆ పైపును గుట్ట మీదే వదిలేశాను. మూడో రోజు పైన వేలు దూరేంత పగులు కనిపించింది. నల్లరేగడి పగలడం కొత్తా అనుకున్నాను. తడి మట్టి ఎందుకు పగిలిందని ఒక్క నిమిషం ఆలోచించలేదు అబిదా.

నాలుగో రోజు పదకొండు గంటలకు గుట్ట కదిలింది. పెద్ద చప్పుడు కూడా లేదు. ముందురోజు నేను నిలబడ్డ మట్టి, బురదై నడుస్తూ పోయి కింద పనిలో ఉన్న జమీర్ నడుం దాకా ఎక్కింది, వాడి కాలు రాళ్ల మధ్య నలిగిపోయింది. ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

చూడడానికొచ్చిన ఇంజినీరు చెప్పాడు: "కాస్త తడి ఉంటే మట్టి పట్టుకుని నిలబడుతుంది. లోపలంతా నీళ్లు నిండితే ఆ పట్టు పోతుంది, బరువూ పెరుగుతుంది. అంత ఏటవాలులో ఇంకెలా ఆగుతుంది?" రొట్టెల పిండిలో చెంబుడు నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో నీకు తెలుసు. ఆ పాటి తెలివి నాకు లేకపోయింది.

పైపు ఎవరు పెట్టారని ఆయన అడిగాడు. నేను పలకలేదు. అంచున మట్టి పోసింది ప్రొక్లెయిన్ డ్రైవర్ మరియదాసు కాబట్టి తప్పంతా అతనిదేనని యజమాని తేల్చేశాడు. కేసు అతని మీద రాశారు. అప్పుడూ నేను పలకలేదు.

నిన్న జమీర్ మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. వాడు నా చెయ్యి పట్టుకుని, "తడపమంది నేనే గదా బావా. ఏడవబాక. అక్కకి మాత్రం చెప్పబాక, కానుపయ్యేదాకా అసలు చెప్పబాక" అన్నాడు. కాలు పోయినవాడు నన్ను ఓదార్చాడు. అంతకన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

వాడి మాట దాటి రాస్తున్నాను. రేపు మరియదాసును వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయి, పైపు పెట్టింది నేనేనని చెప్పేస్తాను. ఆ తర్వాత ఈ సంగతి నీకు ఇంకొకరి నోట తెలియకూడదు. వాడు తడపమన్నాడు, అంతే. ముంచింది నేను.

బిడ్డ పుట్టాక నేను చూడడానికి రావచ్చో లేదో రాయి. మామయ్య రమ్మన్నా రాను. జమీర్ రమ్మన్నా రాను. నువ్వు రమ్మంటేనే వస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు ఇంకా బావా అని పిలుస్తున్న
నీ భర్త
నాగూర్ వలి