పక్క సీటు కోసం పంతొమ్మిది అంగుళాల చక్రాలు

మైదుకూరు,
జూన్ 3, 2024.

కడప లేవి టైర్స్ యజమాని లేవి గారికి మైదుకూరు ఓబుళేశు నమస్కరించి రాసేదేమంటే,

షాపులో కంప్రెసర్ మోతకు ఫోను వినపడదని, ఫిర్యాదులు ఉత్తరంలోనే పంపాలని మీ బిల్లు వెనక అచ్చు వేశారు. అందుకని రాస్తున్నాను. పోయిన వారం నా ఎర్ర స్పోర్ట్స్ కారుకు పదిహేడు అంగుళాల చక్రాలు తీసేసి పంతొమ్మిదివి మీరే బిగించారు. అప్పటినుంచి బండి నా మాట వినడం లేదు. స్టీరింగ్ తిప్పితే కాసేపు ఆలోచించి తిరుగుతుంది. పూర్తిగా తిప్పితే లోపల టైరు దేనికో రాసుకుని గర్రుమంటుంది.

ఈ బండి మా అక్క కొడుకు హర్షవర్ధన్‌ది. వాడికి కవలలు పుట్టారు. బండికి రెండే సీట్లు. అందుకని నాకిచ్చేశాడు. మా ఆమె నాగలక్ష్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి కడప దాకా పోయి రావాలని నా కోరిక. మొదటి రోజు ఎక్కింది, ఖాజీపేట దాకా పోయి వచ్చి దిగింది. "నేల మింద కూచున్నట్టుండాది. మోకాళ్ళు పట్టేసినాయి. ఇంగ నేను ఎక్కను" అన్నది. అప్పటినుంచి పక్క సీటు ఖాళీ. బండి ఎత్తు పెరిగితే ఎక్కుతుందని పెద్ద చక్రాలు వేయించాను. సోకు కోసం కాదు.

ఇట్లు,
ఓబుళేశు

తా.క.: చక్రం రెండు అంగుళాలు పెరిగితే బండి ఒక్క అంగుళమే లేచింది. రెండో అంగుళం ఎక్కడ పోయింది?

కడప,
జూన్ 8.

గౌరవనీయులైన ఓబుళేశు గారికి,

మీ రెండో అంగుళం ఎక్కడికీ పోలేదు. ఇరుసు కింద ఒకటి, పైన ఒకటి. పైనున్నదే మడ్‌గార్డుకు రాసుకుని గర్రుమంటోంది.

పెద్ద చక్రం బరువెక్కువ. అందుకే స్టీరింగ్ నిదానం, పికప్ నిదానం, బ్రేకు కూడా కొంచెం ముందే తొక్కాలి. ఎత్తు పెరిగింది కాబట్టి మలుపులో బండి ఒరుగుతుంది. మీటరు అరవై చూపిస్తే మీరు అరవై అయిదులో పోతున్నట్టు. ఇవన్నీ ఆ రోజే మీకు చెప్పాను. అప్పుడు కంప్రెసర్ నడుస్తోంది.

మీ సేవలో,
లేవి

తా.క.: పక్క సీటు ఖాళీ అని రాశారు. అదీ ఒక కారణమే. యాభై కిలోల బస్తా ఒకటి ఆ సీట్లో వేసి నడిపి చూడండి.

మైదుకూరు,
జూన్ 14.

లేవి గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే పసుపు బస్తా వేశాను. బెల్టు పెట్టలేదని బండి ఒకటే అరుపు. బస్తాకు బెల్టు పెట్టాను. ఇంటి ముందు మలుపు తిరగాలంటే ఈ చక్రాలతో నాలుగు సార్లు ముందుకూ వెనక్కూ పోవాల్సి వచ్చింది. అంతసేపట్లో వీధిలో అందరూ వచ్చి చూశారు. మా ఆమె కూడా చూసింది.

"దానికి మోకాళ్ళు లేవులే, బాగా కూచునింది" అని లోపలికి పోయింది. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. గిన్నెల చప్పుడు మాత్రం ఉంది.

కాబట్టి ఇంకో అంగుళం లేపక తప్పదు. ఇరవై ఒకటివి తెప్పించండి.

ఇట్లు,
అన్నం తానే వడ్డించుకుంటున్న ఓబుళేశు

తా.క.: బస్తాతో బండి మలుపులో చక్కగా పోయింది. ఆ మాట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది.

కడప,
జూన్ 17.

ఓబుళేశు గారికి,

బస్తా విషయంలో తప్పు నాదే. ఇరవై ఒకటివి మాత్రం వేయను. అవి వేస్తే బండి నేరుగా మాత్రమే పోతుంది. మైదుకూరు నుంచి కడపకు అంత నేరు రోడ్డు లేదు.

అమ్మగారి మోకాళ్ళ కోసం మీరు పడుతున్న శ్రమ చూస్తే నాకే కష్టంగా ఉంది. సోమవారం, ఇరవై నాలుగో తేదీ రండి. పాత చక్రాలు బిగించి పంపుతాను. అమ్మగారు ఎక్కడానికి ఒక పీట చేయించండి.

మీ సేవలో,
లేవి

తా.క.: బేతంచెర్ల బండలు తోలే లారీ డ్రైవరు ఒకాయన మీ సంగతి విని, తన పాత చక్రాలు ఊరికే ఇస్తానన్నాడు. అప్పుడు పీట చాలదు, నిచ్చెన కావాలి.

మైదుకూరు,
జూన్ 20.

లేవి గారికి,

పీట చేయించాను. నాగలక్ష్మమ్మకు శానా నచ్చింది. దాని మీద కూర్చుని గంటసేపు బియ్యం ఏరింది. మోకాళ్ళ మాటే ఎత్తలేదు. మంచి పీట.

"ఇప్పుడన్నా ఎక్కుతావా?" అని అడిగితే "సూద్దాంలే" అన్నది. ముప్పై రెండేళ్ళుగా ఆ మాటకు లేదనే అర్థం. నాకు బాధగానే ఉంది. ఇంకెందుకు ఈ పెద్ద చక్రాలు? సోమవారం ఒక్కడినే వస్తాను. పాతవి తీసిపెట్టండి.

ఇట్లు,
ఓబుళేశు

తా.క.: పీట బండి సీటు కంటే జానెడు తక్కువ ఎత్తు. అయినా అంత సుఖంగా ఎలా ఉందో ఆ వడ్రంగిని అడగాలి.

మైదుకూరు,
జూన్ 22.

లేవి అన్నకు నాగలక్ష్మమ్మ నమస్కారాలు.

పోస్టులో వేస్తే సోమవారానికి అందదని ఈ ఉత్తరం కడప బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన చొక్కా ఉతకబోతే జేబులో మీ ఉత్తరాలు దొరికాయి. ఆ చక్రాలు నా కోసం వేయించాడని అప్పుడే తెలిసింది. అంతదాకా ఈ వయసులో సోకు అనుకున్నాను. చదివి కాసేపు ఏడ్చాను.

నా మోకాళ్ళకు ఏ జబ్బూ లేదన్నా. మొదటి రోజు ఖాజీపేట దగ్గర మలుపులో ఆయన ఒక చేత్తో స్టీరింగ్ తిప్పి, రెండో చేత్తో మీసం సర్దుకున్నాడు. మీటరు నూట ఇరవై చూపిస్తోంది. నీ తోలడం చూస్తే భయమని చెబితే మనసు కష్టపెట్టుకుంటాడని మోకాళ్ళ మీద పెట్టాను.

నిన్న నేనే అడిగి ఎక్కాను. బండిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ప్రతి మలుపుకూ ముందే నిదానించాడు. ఖాజీపేట దాకా మీటరు నలభై దాటలేదు. అంటే నలభై మూడు, మీరు రాసింది చదివాను. పర్వాలేదు. దారి పొడుగునా మాట్లాడుకున్నాం. అంతసేపు మేమిద్దరమే మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో.

ఇంటికి రాగానే ఏమన్నాడో తెలుసా? "ఎక్కినావు కదా. పీట ఎట్లా ఉండాది. సోమారం పాత చక్రాలేయించి ఈ బండి అసలు సంగతి సూపిస్తా" అన్నాడు.

పాత చక్రాలు అమ్ముడుపోయాయని చెప్పన్నా. రాసుకునే చోట మాత్రం కొంచెం సరిచేసి, బండి ఇంతే నిదానంగా ఉండేటట్టు చూసి పంపించు.

నీ చెల్లెలనుకో,
నాగలక్ష్మమ్మ

తా.క.: మోకాళ్ళ నిజం ఆయనకు చెప్పొద్దు. నిన్న ఎక్కేముందు మోకాలు పట్టుకుని నిలబడితే, ఆయన బండి చుట్టూ తిరిగి వచ్చి చెయ్యి ఇచ్చాడు. పెండ్లి పందిట్లో తప్ప నలుగురి ముందు నా చెయ్యి ఎప్పుడూ పట్టుకున్నవాడు కాదు. ఆ నొప్పి ఇంకొన్నాళ్ళు ఉంటుంది.