గుట్ట మొదట్లో ఆగిన సైకిళ్లు

20 జూన్ 2021, ఆదివారం

రేపటి నుంచి సాయంత్రం ఆరు దాకా కర్ఫ్యూ సడలింపట. ఇన్నాళ్లూ మధ్యాహ్నం రెండింటికే పోలీసు విజిల్. తిరువూరంతా సంబరపడుతోంది. నాకు మాత్రం రోజుకి ఇంకో నాలుగు గంటలు మనుషుల్ని చూడాలా అనిపించింది. మేడమెట్లు ఎక్కితే ఇప్పటికీ ఆయాసం. ఆక్సీమీటర్ 97 చూపిస్తుంది. దానికేం తెలుసు.

21 జూన్

బ్యాంకులో నా కౌంటర్ ముందు జనం. మాస్కులన్నీ గడ్డాల కింద. సగం మంది నాన్న గురించి అడిగారు. సగం మంది అడగకుండా జాలిగా చూశారు. రెండూ భరించలేను.

22 జూన్

ముషారఫ్ ఫోన్ చేశాడు. శని, ఆదివారాలు గేర్ సైకిళ్లు తీద్దాం, విస్సన్నపేట వైపు తోటల వెనక గుట్ట ఎక్కుదాం, నీ ఊపిరితిత్తులు తుప్పు పట్టిపోతున్నాయిరా హర్షా అన్నాడు. మొదటి లాక్‌డౌన్ అయ్యాక ఇద్దరం ఒకేసారి కొన్న సైకిళ్లు.

వాడు అంబులెన్స్ నడుపుతాడు. మే పదహారున నాన్నని విజయవాడ ఆస్పత్రి నుంచి శ్మశానానికి తీసుకెళ్లింది వాడే. నేనప్పుడు అదే ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాను. అమ్మ ఇంట్లో పాజిటివ్. ఆ రోజు సంగతి వాడు చెప్పలేదు, నేను అడగలేదు. సరే వస్తానన్నాను.

23 జూన్

అమ్మకి చెప్పాను. తండ్రి పోయిన ఏడాది లోపల కొండెక్కుతారా ఎవరన్నా, అంది. అది గుళ్లున్న కొండలకే కదమ్మా, ఇది మేకలు తిరిగే ఉత్త గుట్ట అన్నాను. కొండ కొండే అంది.

తర్వాత రోజూ అడిగేదే అడిగింది. మీ నాన్నకి నిప్పు ఎవరు పెట్టార్రా? అయినవాడు ఒక్కడు లేకుండా, దిక్కులేనివాణ్ణి పంపినట్టు పంపేశాం గదరా, ఆ ముషారఫ్‌ని అడగరా. అడుగుతానమ్మా అన్నాను. ఐదు వారాలుగా అదే జవాబు.

24 జూన్

అడగను. ఎవరో అంటించి పోయారు అంటాడు. ఆ మాట ఇంటికెలా మోసుకురాను?

25 జూన్

సైకిలు దుమ్ము దులిపాను. రెండు టైర్లలోనూ గాలి లేదు.

26 జూన్, శనివారం, ఉదయం 11

ఆరింటికి బయల్దేరాం. నాలుగు కిలోమీటర్లకే నా పని అయిపోయింది. వాడు ముందుకెళ్లకుండా, నా కోసమని తెలియనివ్వకుండా, ఈల వేసుకుంటూ పక్కనే తొక్కాడు. తోటల్లో రాలి కుళ్లిన మామిడికాయల వాసన. నెలన్నర తర్వాత ముక్కుకి వాసన తెలిసింది. కంపే అయినా బాగుంది.

గుట్ట మొదట్లో దిగిపోయాను. అమ్మ మాట చెప్పాను. నాకు నమ్మకం లేదురా, కానీ ఎక్కితే ఇంటికెళ్లి ఆవిడ మొహం చూడలేను, నువ్వు వెళ్లిరా అన్నాను. వాడు కదల్లేదు. హెల్మెట్ క్లిప్పు తీస్తూ పెడుతూ కాసేపున్నాడు. ఆ రూలు కొడుక్కేనా, నిప్పు పెట్టినోడిక్కూడానా, అని అడిగాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

ఆ రోజు శ్మశానంలో వరసలో పదమూడు శవాలట. నాన్న వంతు వచ్చాక అక్కడి మనిషి కొడుకెవరని కేకేశాడట. పీపీఈ కిట్టులో ఉన్నవాడు ఎవరైతే ఏం? నేనే అని ముందుకెళ్లాడట. ఎటు నుంచి తిరగాలో ఆ మనిషినే అడిగి తిరిగాడట. తల దగ్గర అంటించాడట. గోత్రం అడిగితే దొరికిపోయేవాణ్ణిరా, అదృష్టం, అడగలేదు అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు.

ఎందుకు చెప్పలేదురా అన్నాను. సాయిబు పెట్టాడంటే ఆంటీకి ఇంకా కష్టంగా ఉంటుందేమోనని. మా ఇంట్లో కూడా చెప్పలేదురా, అన్నాడు.

రోడ్డు పక్కనే కూర్చుని ఏడ్చాం. నిజం రాయాలంటే, నేనే ఎక్కువ ఏడ్చాను. నాన్న దగ్గర ఒకడున్నాడు. నాకు అది చాలు. అమ్మకి చాలుతుందో లేదో తెలియదు.

గుట్ట వాడూ ఎక్కలేదు. వచ్చిన దారినే తిరిగొచ్చాం.

సాయంత్రం 4

అమ్మకి చెప్పేశాను. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రెండు గంటలైంది, రాలేదు. రేపు రైడ్ వద్దులేరా అని వాడికి మెసేజ్ పెట్టాను. చెప్పి తప్పు చేశానేమో.

27 జూన్, ఆదివారం

పొద్దున్నే అమ్మ నా ఫోన్ అడిగి తీసుకుని ముషారఫ్‌కి చేసింది. వచ్చే వైశాఖం దాకా నువ్వు కూడా ఏ కొండా ఎక్కబాక నాయనా, అని చెప్పి పెట్టేసింది.